చెరువు తవ్వినోళ్లు యాడ? నాయనకు చదివి వినిపిస్తున్న చారిత్రక నవలల గురించి ఒక ప్రశ్న

కట్టకిందిల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. పోయిన దీపావళి నుంచి రోజూ రాత్రి ఏడున్నరకు మా నాయనకు ఒక గంట నవల చదివి వినిపిస్తున్నాను. ఆయన ఇరిగేషన్ శాఖలో లస్కరుగా 31 ఏళ్లు చేశారు. జిల్లాలో చాలా చెరువుల తూములు ఆయన చేతి మీద తెరుచుకున్నవే. షుగరు వల్ల చూపు దెబ్బతింది. ఎదురుగా మనిషి నిలబడితే తెలుస్తుంది, అక్షరం మాత్రం కనబడదు. టీవీ గోల పడదు. "పాత కాలం కతలేమన్నా ఉంటే చదువు పాపా" అన్నారు. అలా మొదలైంది.

ఇప్పటికి మూడు పూర్తి చేశాం. మొదటిది అడివి బాపిరాజు గారి గోన గన్నారెడ్డి. బాపిరాజు గారు బొమ్మలు కూడా వేసేవారని తెలుసు గానీ, పైకి చదువుతుంటే అది ఇంకా బాగా తెలిసింది. ఒక మనిషి గదిలోకి వస్తే ముందు చీర రంగు, తర్వాత నగలు, తర్వాత జడ, ఆ తర్వాతే మాట. నాకు ఆ వర్ణనలు చాలా ఇష్టం. నాయన మాత్రం గుర్రాలు వచ్చినప్పుడే లేచి కూర్చునేవారు. గన్నారెడ్డి పెళ్లికొడుకును ఎత్తుకుపోయే ఘట్టం రెండుసార్లు చదివించుకున్నారు. బయటికి గజదొంగ, లోపల రుద్రమదేవికి అండ. ఆ సంగతి కొంచెం కొంచెంగా తెలుస్తుంటే మంచం కోడు మీద చేత్తో తట్టేవారు.

రెండోది తెన్నేటి సూరి గారి చెంఘిజ్ ఖాన్. ఎక్కడి గోబీ, ఎక్కడి మేము! అయినా తెమూజిన్ కథ మా ఇంట్లో కూర్చుని వింటే పరాయిదిగా అనిపించలేదు. మేత కోసం తెగలు తెగలు కొట్టుకోవడం, మంద పోతే మనిషి బతుకే పోవడం, ఇవి గొర్రెలు కాసే ఊళ్లవాళ్లకు ఒకరు వివరించాల్సిన పని లేదు.

మూడోది బండి నారాయణస్వామి గారి శప్తభూమి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. 18వ శతాబ్దపు రాయలసీమ, మా అనంతపురం ఏలిన హండే రాజులు, పాలెగాళ్లు, కరువు. 2019లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిందని తెలుసు. అవార్డు సంగతి పక్కన పెట్టండి, నేను రోజూ ఆఫీసుకు పోయే దారి ఒక నవలలో రాజుల కాలపు నేలగా కనబడటం నాకు ఇదే మొదటిసారి. మా మాట మా మాటగానే ఉంది. చదివేటప్పుడు నాలుక ఎక్కడా తడబడలేదు.

అందులో బసివిరాళ్ల గురించి, అంటే దేవుడి పేరు మీద పెళ్లి లేకుండా వదిలేసిన ఆడవాళ్ల గురించి వచ్చే భాగాలు మా నాయన ముందు పైకి చదవడానికి నాకు గొంతు రాలేదు. ఒక రాత్రి మధ్యలో ఆపేశాను. నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మా అవ్వోళ్ల ఊర్లో ఒకామె ఉండె పాపా. మేం చిన్నపిల్లోళ్లం పోతే బెల్లం పెడుతుండె. ఆమింటికి పోయినామని తెలిస్తే మాయమ్మ కొడుతుండె. ఎందుకు కొడుతుందో అప్పుడు తెలీలేదు." నలభై ఏడేళ్లుగా ఆయన కూతుర్ని, ఈ మాట ఎప్పుడూ వినలేదు. మరుసటి రోజు ఆయనే అడిగి మరీ ఆ అధ్యాయం పూర్తి చేయించుకున్నారు.

ఇప్పుడు నా ప్రశ్నలు. నాయన ప్రతి అరగంటకు ఒకసారి "ఇది నిజంగా జరిగిందేనా పాపా?" అని అడుగుతారు. నాకు జవాబు తెలియదు. మీరు చదివేటప్పుడు ఏది చరిత్ర, ఏది కల్పన అని ఎలా చూసుకుంటారు? అసలు చూసుకోవాలా?

రెండోది నాయన ప్రశ్నే. కాకతీయులంటే పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టించినవాళ్లు కదా. గోన గన్నారెడ్డి అయిపోయాక ఆయన అన్న మాట ఇది: "అంతా బాగుంది. చెరువు తవ్వినోళ్లు యాడ పాపా?" తట్ట మోసినవాళ్లు, రాయి కొట్టినవాళ్లు, రాత్రిపూట కట్ట మీద కాపలా పడుకున్న నీరుగంటి, వీళ్లు మనుషులుగా కనబడే నవల ఆయనకు కావాలి. నాకు కూడా. పైకి చదవడానికి వీలుగా ఉండేవి చెప్పండి.

తుంగభద్ర క్యాంపు (జవాబు)

అక్కా, మీ పోస్టు మా నాన్నకు కూడా చదివి వినిపించాను. మాది రాయచూరు జిల్లా సింధనూరు దగ్గర క్యాంపు. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో మా తాతవాళ్లు పశ్చిమగోదావరి నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నారు. కన్నడ బడిలో చదివాను, తెలుగు మా నానమ్మ నేర్పింది. తప్పులుంటే సరిదిద్దండి.

గన్నారెడ్డి నిజమా అంటే, మీ నాయన గారికి ధైర్యంగా నిజమని చెప్పండి. రాయచూరు కోట గోడలో ఒక రాయి ఉంది. ఒకే రాయి, నలభై అడుగులకు పైగా పొడవు. దాని మీద తెలుగు శాసనం, 1294 నాటిది. గోన గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలనాథుడనే సేనాని ఆదవోని మొదలైన కోటలు పట్టుకుని, రాయచూరుకు రాతికోట కట్టించాడని అందులో ఉంటుంది. అప్పటికి రుద్రమదేవి లేదు, ప్రతాపరుద్రుడి కాలం. బాపిరాజు గారి గన్నారెడ్డి యవ్వనం, ప్రేమ, గజదొంగ వేషం ఆయన మనసులోంచి వచ్చినవి. పేరు, వంశం, కాకతీయుల పక్షాన నిలబడటం చరిత్రలోవి. నవలలో అన్నాంబికది ఆదవోని, శాసనంలో కూడా ఆదవోని. మొదటిసారి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

అయితే మీ నాయన గారికి చెప్పాల్సింది ఇది కాదక్కా. ఆ శాసనం దగ్గరే గోడ మీద ఒక బొమ్మ చెక్కి ఉంటుంది. ఆ పెద్ద రాయిని బండి మీద పెట్టి లాగుకొస్తున్న బొమ్మ. బండికి గట్టి చెక్క చక్రాలు, ముందు బారులు తీరిన దున్నపోతులు, వాటిని అదిలించే మనుషులు, వెనక గునపాల్లాంటివి వేసి చక్రాలను నెట్టే మనుషులు. నేను పీయూసీ చదివేటప్పుడు బస్టాండులో టైం ఉంటే కోటలోకి పోయి ఆ బొమ్మ చూసేవాణ్ని. శాసనంలో సేనాని పేరు ఉంది, రాజు పేరు ఉంది. రాయి లాగినవాళ్లకు పేర్లు లేవు గానీ బొమ్మ ఉంది. ఆ రాయి చెక్కినవాడే తన తోటివాళ్లను కూడా చెక్కుకున్నాడని నేను నమ్ముతాను. రాజు చెప్పి చెక్కించాడంటే నాకు నమ్మబుద్ధి కాదు.

గన్నారెడ్డి మీద నవల వచ్చింది, సినిమాలో కూడా ఆయన పాత్ర వచ్చింది. ఆ దున్నపోతుల బండి వెనక నెట్టిన మనిషి మీద ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేనే కొంటాను.

గోదావరి గట్టు (జవాబు)

అమ్మా, నేను రాజమహేంద్రవరంలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిన పాఠం కంటే మీరు మీ నాన్నగారికి చదివి వినిపించడం పెద్ద పని అనిపించింది.

నిజమా, కల్పనా అన్న ప్రశ్నకు నా పద్ధతి చెప్తాను. నవల ముందు నవలగా చదువుతాను. పూర్తయ్యాక మాత్రం ఆ కాలపు శాసనం ఏదైనా ఒకటి వెతుక్కుని చదువుతాను. రుద్రమదేవి సంగతే చూడండి. బాపిరాజు గారు, నోరి నరసింహశాస్త్రి గారు ఆమె మీద నవలలు రాసేనాటికి ఆమె చివరి రోజులు ఎలా గడిచాయో చెప్పే ఆధారం చేతిలో లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం బయటపడింది. 1289 నవంబరు నాటిది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే మనిషి దేవుడికి భూమి ఇచ్చాడు. ఆమె ఎప్పుడు పోయిందో లోకానికి తెలిసింది దానివల్లే. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో పోరులోనే పోయిందని చరిత్రకారులు అనుకుంటారు. కోటలు కట్టిన వంశం ఆమె చావును ఎక్కడా చెప్పలేదు. కొలువులో చిన్న మనిషి ఒకడు తన కొద్దిపాటి నేల ఇచ్చి చెప్పాడు. మీ నాన్నగారు అడిగే మనుషులు శాసనాల్లో ఇలా ఒక్కొక్కరు దొరుకుతారు.

కానీ ఒక్క విషయంలో మీ నాన్నగారితో నాకు చిన్న తేడా ఉంది. తట్ట మోయడం ఎంత పనో, భాష కట్టడం కూడా అంత పనే. అందుకని నోరి వారి నారాయణ భట్టు నవల తప్పకుండా చదవండి. నోరి వారు రేపల్లెలో వకీలు. తెలుగు కవులను మధ్యన పెట్టి వరసగా చారిత్రక నవలలు రాశారు. ఇది నన్నయ కాలం. మా ఊళ్లో రాజరాజనరేంద్రుడంటే సారంగధరుడి కథే చెప్తారు. కొడుకు కాళ్లూ చేతులూ నరికించిన తండ్రి అని. సారంగధర మెట్ట చూపిస్తారు, సవతితల్లి చిత్రాంగి పేరు చెప్తారు. ఆ కథకు చరిత్రలో ఆధారం లేదు. చిన్నప్పుడు ఆ నాటకం చూసి ఏడ్చినవాణ్ని నేను. పెద్దయ్యాక ఈ నవల చదివాకే మా ఊరి రాజు మీద నా మనసులో ఉన్న కోపం పోయింది.

అసలు రాజరాజు తల్లి తంజావూరు చోళుల ఆడపడుచు. దాయాదితో సింహాసనం కోసం ఆయన ఏళ్ల తరబడి కొట్లాడాడు. అంత అలజడిలో కూర్చుని మహాభారతం తెలుగులో చెప్పమని నన్నయను అడిగాడు. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడైనట్టు తనకు నారాయణ భట్టు తోడయ్యాడని నన్నయే చెప్పుకున్నాడు. ఆ నారాయణ భట్టుకు ఊరు దానం ఇచ్చిన నందంపూడి శాసనం ఉంది. మహాకావ్యంలో సాయపడ్డ మనిషికి మన దగ్గర మిగిలింది ఆ కాస్త ప్రస్తావన, ఒక దానపత్రం. నోరి వారు దాంట్లోంచి ఒక మనిషిని నిలబెట్టారు.

పైకి చదవడానికి మాత్రం కష్టం, ముందే చెప్తున్నాను. సమాసాలు ఎక్కువ. మీరు ముందురోజు ఒకసారి మనసులో చదువుకుని, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. నేను క్లాసులో అదే చేసేవాణ్ని.

లంక గాలి (జవాబు)

నేను డాలస్‌లో ఉంటాను. అమలాపురంలో ఉన్న మా అమ్మకు ఫోన్లో చదివి వినిపించిన పుస్తకం ఒకటి చెప్తాను: మహీధర రామమోహనరావు గారి కొల్లాయి గట్టితేనేమి? సహాయ నిరాకరణ ఉద్యమం నాటి కోనసీమ, ముంగండ ఊరు. రాజు లేడు, కోట లేదు, కత్తి లేదు. చదువు వదిలేసి వచ్చిన రామనాథం అనే కుర్రాడు, ఊళ్లో ఒక్కో ఇల్లే మారుతూ వస్తున్న వైనం. దీన్ని చారిత్రక నవల అనొచ్చా అని కొందరు అడుగుతారు. నేనైతే అంటాను. గాంధీ గారి పేరు ఒక పల్లెలోకి నడుచుకుంటూ వచ్చినప్పుడు ఎవరి వంటింట్లో ఏం మారిందో చరిత్ర పుస్తకం చెప్పదు కదా. మాటలు ఎక్కువ, వర్ణన తక్కువ, పైకి చదవడానికి హాయి. మా అమ్మ చాలాచోట్ల "అవునే, మా తాతగారు అచ్చం ఇలాగే అనేవారు" అని ఆపేది. మీ నాన్నగారికి కోనసీమ యాస కొత్తగా ఉంటుందేమో, నెమ్మదిగా చదవండి.

దశబంధం (జవాబు)

అమ్మా, మాది కడప జిల్లా బద్వేలు పక్క పల్లె. మీ నాయన అడిగిన ప్రశ్నకు నవల చెప్పలేను గానీ, ఒక చెరువు చెప్తాను.

పోరుమామిళ్ల చెరువు. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినాడు. ఆయన పెట్టిన పేరు అనంతరాజసాగరం. దాని గురించి సంస్కృతంలో రెండు పెద్ద రాతి పలకల మీద శాసనం ఉంది. రోజుకు వెయ్యిమంది మనుషులు, రాళ్లు తోలేదానికి నూరు బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో రాసినారు. మంచి చెరువుకు ఏమేమి కావాలో పన్నెండు చెప్పినారు: నీళ్ల శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తీపి నీటి ఏరు, ఏటికి అటూ ఇటూ కొండలు, పొడుగైన రాళ్లు దొరికే గని, కింద సారమైన సమతలపు భూములు, కట్టే పని వచ్చిన మనుషుల గుంపు, ఇట్లా. పని వచ్చిన మనుషులు కూడా ఆ లెక్కలో ఉన్నారు, చూడండి.

చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెప్పినారు. కట్ట నీళ్లు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ తాబేలు వీపు మాదిరి మిట్ట ఉండటం, ఆయకట్టు ఎక్కువై నీళ్లు తక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం. రెండు రాజ్యాల పొలిమేర అన్న మాట చదివినప్పుడల్లా నాకు మన నీళ్ల తగాదాలన్నీ గుర్తొస్తాయి. ఆరున్నర నూర్ల ఏండ్ల కిందటే తెలిసిండె.

రోజుకు వెయ్యిమంది. రెండేండ్లు. ఒక్క పేరూ లేదు. నవల రాసేవాళ్లకు అక్కడ వెయ్యి ఖాళీలు ఉన్నాయి. నాకు రాసే శక్తి లేదు. మా ముత్తాతకు చెరువు మరమ్మతు చేసినందుకు దశబంధం ఇనాం కింద కొంచెం నేల ఉండేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన పేరు కూడా మాలో సగం మందికి తెలీదు. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను.

మీ ఊరి చెరువు మీద ఒక పాత పుస్తకం కూడా ఉంది, మీకు తెలిసే ఉంటుంది. అనంతపురం చరిత్రను బ్రౌను దొర 1853లో ఇంగ్లీషులోకి తెచ్చి అచ్చు వేయించినాడు. చెరువు గండికి బలైన ముసలమ్మ కథ అందులోదే. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాన్ని తీసుకునే ముసలమ్మ మరణం రాసినారు.

కట్టకిందిల్లు (అడిగినవారి జవాబు)

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. వారం రోజులు నవల ఆపేసి మీ జవాబులే చదివి వినిపించాను.

తుంగభద్ర తమ్ముడూ, దున్నపోతుల బండి దగ్గర నాయన నన్ను ఆపి, వెనక నెట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారని అడిగారు. నువ్వు మళ్లీ పోయినప్పుడు లెక్కపెట్టి చెప్పాలి. మాస్టారూ, పువ్వుల ముమ్మడి పేరు ఆయనకు నోటికి వచ్చేసింది. నిన్న మా చిన్నాయన ఫోన్ చేస్తే ఆయనకు కూడా చెప్పారు.

దశబంధం అన్నా, మీరు రాసిన ఆరు దోషాలు మాత్రం మూడు రాత్రులు పట్టింది. ఒక్కోదానికీ నాయన దగ్గర ఒక చెరువు ఉంది. నడుమ మిట్ట అనగానే తను పనిచేసిన ఒక చెరువు పేరు చెప్పి, దాంట్లో నీళ్లు సగం దాకా వచ్చి ఎలా రెండుగా చీలేవో చెప్పారు. కట్ట నీళ్లు కారడం దగ్గర ఒక వానాకాలం కథ వచ్చింది. రాత్రి రెండుకు కట్ట లోపలివైపు బుంగ పడితే, ఊరివాళ్లు ముళ్లకంప, గడ్డిమోపులు, ఇసక మూటలు తెచ్చి వేశారట. ఒక ముసలాయన బుంగలోకి కాళ్లు పెట్టి కూర్చుని, మూటలు తన మీదుగా దించమన్నాడట. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాడట. అప్పుడు నాకు ఆరేళ్లు. నాయన ఆ రోజు ఇంటికి రాలేదని అమ్మ ఏడవడం మాత్రమే నాకు గుర్తుంది.

ఆ ముసలాయన పేరు అడిగాను. చెప్పారు. ఊరు, ఇంటిపేరు, కొడుకుల పేర్లు కూడా చెప్పారు. ఒక నోటుపుస్తకం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పద్నాలుగు పేజీలు అయ్యాయి. ఇక్కడ పెట్టను, వాళ్ల ఇళ్లవాళ్లను అడగాలి ముందు.

ముసలమ్మ గురించి కూడా ఒక మాట. పండమేరు ఏటికి అడ్డంగా కట్టిన మా చెరువు బుక్కరాయల కాలంలో చిక్కప్ప ఒడయారు కట్టించాడంటారు. గండి పడితే ఊరి కోసం బుక్కరాయసముద్రం కోడలు ముసలమ్మ బలైందని కథ. చిన్నప్పటి నుంచి కట్ట మీద ఆమెకు దండం పెట్టుకుంటూనే ఉన్నాను. నాయన ఆమెను ఎప్పుడూ దేవత అనలేదు, "ఆ పిల్ల" అంటారు. నవల చదివాక ఆ మాట వేరుగా వినబడుతోంది.

ఆదివారం పొద్దున ఆటోలో కట్ట మీదికి తీసుకెళ్లాను. నీళ్లు కొంచెమే ఉన్నాయి. నాయన చేతికర్ర నాకిచ్చి, వంగి, కట్టకు పరిచిన రివిట్‌మెంటు రాళ్లు తడిమి చూశారు. "ఇది పాతది, ఇది మొన్నటిది" అని ఒక్కో రాయి చెప్పుకుంటూ ఇరవై అడుగులు నడిచారు.

నారాయణ భట్టు మొదలుపెట్టాం. మాస్టారు చెప్పినట్టు పెన్సిల్ గీతలు పెట్టుకుంటున్నాను. ఈ రాత్రికి పదకొండో పేజీ.